నీళ్ళు తగ్గాయని మొక్కలో జన్యువుకు చెప్పేదెవరు?

చదివే మిగతావాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. మరి నీళ్ళు తగ్గాయనో, వేడి ముదిరిందనో కణానికి తెలిసేదెలా? తెలిశాక వేల జన్యువుల్లో సరిగ్గా అవసరమైనవే ఎలా ఆన్ అవుతాయి? అవి అంత మేలు చేసేవే అయితే ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా చేసేస్తే కరువును తట్టుకునే మొక్క తయారైనట్టే కదా? ఇదీ మీ సందేహం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏ జన్యువును కొలిస్తే బాగుంటుందో కూడా చెప్పమన్నారు.

ఈ పనిలో నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. సగం కాలం అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న కలుపు మొక్కతో, మిగతా సగం వరితో గడిచింది. సూటిగా జవాబు ఇది: చాలా దారుల్లో మొక్క కొత్తగా స్విచ్ వేయదు. స్విచ్ వేయగల ప్రోటీన్ ముందే సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు గట్టిగా పట్టుకునో, పుట్టింది పుట్టినట్టు నాశనం చేస్తూనో ఉంటారు. ఒత్తిడి, అంటే కరువు, వేడి లాంటి కష్టం, రాగానే ఆ పట్టు సడలుతుంది. కరువుకూ, వేడికీ, ముంపుకూ పట్టుకునే చేతులు వేరు, పద్ధతి మాత్రం ఇదే. ఇక ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం సంగతి: కుదరదు, మొక్క గిడసబారిపోతుంది. ఆ పని నేనూ చేసి చూశాను, కింద చెప్తాను.

ముందు "ఆన్" అనే మాట గురించి. అరబిడాప్సిస్‌లో ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు సుమారు 27,000 ఉంటాయి. వేరు కణంలోనూ, ఆకు కణంలోనూ అవే. జన్యువు ఆన్ అయిందంటే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ దాని మొదట్లో కూర్చుని, చదువుకుంటూ పోతూ ఆర్‌ఎన్‌ఏ నకలు తీస్తోందని అర్థం. ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవుతుంది. స్విచ్ అని అలవాటుగా అంటాం గానీ, ఇది ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. మామూలు రోజుల్లో కూడా చాలా ఒత్తిడి జన్యువులు సన్నగా తిరుగుతూనే ఉంటాయి. ఒత్తిడి వస్తే ఆ నకళ్ళు పదుల రెట్లు, కొన్నిసార్లు వందల రెట్లు పెరుగుతాయి. మీరు ప్రాజెక్టులో కొలవబోయేది ఈ పెరుగుదలనే.

సరిగ్గా ఆ జన్యువే ఎందుకు పెరుగుతుందంటే, జన్యువుకు ముందుండే ప్రమోటర్ అనే డీఎన్‌ఏ ముక్కలో ఐదారు అక్షరాల చిన్న గుర్తులుంటాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు తమకు సరిపడే గుర్తును వెతికి పట్టుకుని, పాలిమరేజ్‌ను అక్కడికి లాక్కొస్తాయి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఆర్‌డీ29ఏ అనే అరబిడాప్సిస్ జన్యువు. 1994లో జపాన్ శాస్త్రవేత్తలు యమగుచి-షినొజాకి, షినొజాకి దాని ప్రమోటర్‌ను ముక్కలుగా కోసి, ఏ ముక్క పోతే స్పందన పోతుందో చూశారు. సీసీజీఏసీ అనే అక్షరాలున్న గుర్తు ఒకటి బయటపడింది. దాన్ని డీఆర్‌ఈ అంటారు. కరువు, ఉప్పు, చలి మొదట దీని మీదే పనిచేస్తాయి. అదే ప్రమోటర్‌లో ఏసీజీటీ అక్షరాలున్న ఏబీఆర్‌ఈ అనే ఇంకో గుర్తు ఉంది. అది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మాట వింటుంది. పక్కనే ఉండే ఆర్‌డీ29బీ ప్రమోటర్‌లో ఈ రెండో రకం గుర్తులే పనిచేస్తాయి. అందుకే చలికి ఆర్‌డీ29ఏ గట్టిగా స్పందిస్తే, ఆర్‌డీ29బీ పెద్దగా కదలదు. ఒక్క పక్కింటి జన్యువుతో ఇంత తేడా.

ఇప్పుడు కరువు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొత్తం దారి అడుగు అడుగునా తెలిసిన చోటు ఇదే.

నీళ్ళు తగ్గినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. అందరూ ఏబీఏ అంటారు, నేనూ అలాగే రాస్తాను. జన్యువులను ఆన్ చేయగల ప్రోటీన్లు, ఏబీఎఫ్‌లు, కణంలో సిద్ధంగానే ఉంటాయి. వాటికి ఫాస్ఫేటు తగిలిస్తేనే పూర్తిగా పనిలోకి దిగుతాయి. ఫాస్ఫేటు తగిలించేది స్నార్క్2 అనే కైనేజ్. కానీ పీపీ2సీ అనే ఇంకో ఎంజైమ్ స్నార్క్2ను పట్టుకుని, దాని మీదున్న ఫాస్ఫేట్లను ఎప్పటికప్పుడు తుడిచేస్తూ ఉంటుంది. కాబట్టి స్నార్క్2 నిద్రపోతూ ఉంటుంది. ఏబీఏ రాగానే పీవైఆర్, పీవైఎల్ అనే గ్రాహక ప్రోటీన్లలోని చిన్న గుంటలో పడుతుంది. వెంటనే ఆ గుంట మీద మూతలాంటి భాగం మూసుకుంటుంది. మూసుకున్న ఆ మూత పీపీ2సీకి సరిగ్గా అతికి, దాని పని జరిగే చోటికి బిరడాలా అడ్డం పడుతుంది. తుడిచే చెయ్యి ఆగిపోయింది కాబట్టి స్నార్క్2 తనంతట తానే ఫాస్ఫేట్లు తగిలించుకుని లేస్తుంది, ఏబీఎఫ్‌లను తట్టిలేపుతుంది. అవి కేంద్రకంలో ఏబీఆర్‌ఈ గుర్తులున్న జన్యువుల మీద కూర్చుంటాయి. ఇందులో హార్మోను నేరుగా దేన్నీ ఆన్ చేయలేదు, గమనించారా? ఆపేవాణ్ణి ఆపింది, అంతే.

ఏబీఐ1 అనే పీపీ2సీలో ఒక్క మార్పు ఉన్న మొక్కలు 1980ల నుంచీ ల్యాబుల్లో ఉన్నాయి. ఆ మార్పు వల్ల గ్రాహకం దాన్ని పట్టుకోలేదు. అందువల్ల ఏబీఏ ఎంత ఉన్నా తుడిచే పని ఆగదు, నీళ్ళు పోయే ఆకు రంధ్రాలు మూసుకోవు. నేను తొలిసారి ఆ మొక్కల ట్రే మూత తీసినప్పుడు పక్కన మామూలు మొక్కలు నిటారుగా ఉన్నాయి. ఇవి మాత్రం గదిలోని పొడిగాలికి పావుగంటలో తలలు వాల్చేశాయి. కుండీలో మట్టి ఇంకా తడిగానే ఉంది. పాఠంలో చదివితే అర్థం కానిది ఆ ట్రే చూశాక అర్థమైంది.

ఏబీఏ గ్రాహకం ఏదో తేలడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందని విద్యార్థులు అడుగుతుంటారు. హార్మోను 1960ల నుంచీ తెలుసు, గ్రాహకం 2009లో గానీ ఖాయం కాలేదు. అరబిడాప్సిస్‌లో ఈ గ్రాహకాలు 14 ఉన్నాయి. ఒక జన్యువును చెడగొడితే మిగతావి దాని పని చేసేస్తాయి, మొక్కలో తేడా కనబడదు. జన్యువును చెడగొట్టి ఫలితం చూడడమే ప్రధాన పద్ధతిగా ఉన్న రంగంలో ఇదొక గుడ్డిచోటు. మధ్యలో ఒక గ్రాహకం దొరికిందని 2006లో పెద్ద సైన్స్ పత్రికలో వచ్చింది, 2008లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. 2009లో రెండు బృందాలు వేర్వేరు దారుల్లో వెళ్ళి ఒకే కుటుంబం దగ్గరికి చేరినప్పుడు కూడా, పాత అనుభవం వల్ల, మా చుట్టుపక్కల చాలామంది మొదట నమ్మలేదు. గ్రాహకాన్ని స్ఫటికంగా మార్చి దాని ఆకారం చూసినప్పుడు మూత మూసుకోవడం కనబడ్డాక నమ్మారు.

అయితే మీరు అడిగింది ఇంకా ముందు మెట్టు గురించి: ఏబీఏ పెరగాలని ఎవరు చెప్పారు? మట్టి ఎండడం మొదట తెలిసేది వేరుకు, నీళ్ళు పోయేది ఆకు నుంచి. ఈ రెండింటినీ కలిపే దారి ఒకటి 2018లో తేలింది. వేరు ఎండినప్పుడు సీఎల్‌ఈ25 అనే పెప్టైడ్‌ను, అంటే చిన్న ప్రోటీన్ ముక్కను, నాళాల్లోకి వదులుతుంది. అది ఆకుకు చేరి అక్కడి గ్రాహకాలకు తగులుతుంది. ఆకు నాళాల దగ్గరి కణాల్లో ఎన్‌సీఈడీ3 అనే జన్యువు ఆన్ అవుతుంది. ఏబీఏ ఎంత తయారవ్వాలో తేల్చే ఇరుకైన మెట్టు ఆ జన్యువు ఇచ్చే ఎంజైమ్‌దే. అంటే నరాలు లేకపోయినా ఉత్తరాలున్నాయి. దీనితో పాటు కణపొర మీద కాల్షియం ద్వారాలున్నాయి. బయట కరిగి ఉన్న పదార్థాల గాఢత పెరిగితే తెరుచుకునే ఓఎస్‌సీఏ1 అనే ద్వారం 2014లో బయటపడింది. కాల్షియం లోపలికి ఒక్కసారిగా రావడం దాదాపు ప్రతి ఒత్తిడిలోనూ మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. అన్నిటికీ అదే గంట మోగితే ఏ ఒత్తిడో ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావాలి. ఎంత వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ కణంలో వచ్చింది, ఆ కణంలో దాన్ని పట్టుకునే ప్రోటీన్లు ఏవున్నాయి, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది.

వేడి దగ్గరికొస్తే కథ ఇంకా అందంగా ఉంటుంది. ఇక్కడ విడిగా థర్మామీటరు అక్కర్లేదు, పాడైపోతున్న సరుకే కబురు. హీట్ షాక్ ఫ్యాక్టర్లు అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లను మామూలు రోజుల్లో హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్లు పట్టుకుని ఉంచుతాయి. వీటి అసలు పని ఆకారం చెడిన ప్రోటీన్లను సరిచేయడం. వేడి పెరిగితే కణంలో ప్రోటీన్లు ముడతలు విప్పుకుని పాడవడం మొదలవుతుంది. హెచ్‌ఎస్‌పీలన్నీ అటు పరుగెత్తుతాయి. ఇటు హీట్ షాక్ ఫ్యాక్టర్ చెర వీడి, మూడేసి జట్టుకట్టి, తన గుర్తులున్న జన్యువుల మీద కూర్చుంటుంది. ఆ జన్యువులు తయారుచేసేది ఎక్కువగా మళ్ళీ హెచ్‌ఎస్‌పీలనే. అవి చాలినన్ని అయ్యాక, సరిచేసే పని తగ్గాక, మిగిలినవి వచ్చి ఫ్యాక్టర్‌ను మళ్ళీ పట్టుకుంటాయి. ఆన్ చేసిందే ఆఫ్‌ కూడా చేసింది. వేడికి జన్యువులు ఆన్ అవుతాయని తొలిసారి కనిపించింది మొక్కలో కాదు, పండ్ల ఈగలో. 1962లో ఇటలీలో రిటోసా, ఇంక్యుబేటర్ వేడి ఎవరో పెంచేయడంతో, ఈగ లాలాజల గ్రంథుల క్రోమోజోముల మీద కొత్త ఉబ్బెత్తులు చూశాడు.

దీన్ని మీరు కళ్ళారా చూడొచ్చు. చిన్న అరబిడాప్సిస్ నారును నేరుగా 45 డిగ్రీల సెల్సియస్‌లో రెండు గంటలు పెడితే కొద్ది రోజుల్లో తెల్లబడి చచ్చిపోతుంది. అదే నారును ముందు 38 డిగ్రీల్లో గంటన్నర ఉంచి, రెండు గంటలు మామూలు గదిలో తేరుకోనిచ్చి, తర్వాత 45 డిగ్రీల్లో పెడితే పచ్చగా బతుకుతుంది. హెచ్‌ఎస్‌పీ101 అనే జన్యువు చెడిన మొక్కలకు ఈ ముందస్తు వేడి ఇచ్చినా లాభం లేదు. కొత్తగా చేరే విద్యార్థులతో నేను చేయించే మొదటి ప్రయోగం ఇదే. ఖర్చు తక్కువ, ఫలితం ప్లేటు మీదే కనిపిస్తుంది.

ముంపులో పట్టుకోవడం ఉండదు, చంపడం ఉంటుంది. ఈఆర్‌ఎఫ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల కుటుంబంలోని ఏడో గుంపు ప్రోటీన్ల కొసన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం బయటపడి ఉంటుంది. కణంలో ఆక్సిజన్ ఉన్నంతసేపూ కొన్ని ఎంజైములు ఆ సిస్టీన్‌ను ఆక్సీకరిస్తాయి. అలా ముద్ర పడ్డ ప్రోటీన్‌ను కణం ముక్కలు చేసి పారేస్తుంది. నీళ్ళలో మునిగితే ఆక్సిజన్ అందదు, ముద్ర పడదు, ప్రోటీన్ బతికిపోతుంది. అది కేంద్రకంలోకి వెళ్ళి, ఆక్సిజన్ లేకుండా శక్తి తీసే జన్యువులను ఆన్ చేస్తుంది. 2011లో ఇది రెండు బృందాల నుంచి ఒకేసారి వచ్చింది. రోజంతా తయారుచేస్తూ రోజంతా నాశనం చేయడం వృథా అనిపిస్తుంది కదా? కానీ ముంపు వచ్చాక తయారీ మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆ వృథా అంతా వేగానికి కట్టే కిరాయి.

వరిలో సబ్1ఏ కూడా ఇదే గుంపులోది. 2006లో ఎఫ్‌ఆర్13ఏ అనే రకం నుంచి దాన్ని గుర్తించారు. ఈ జన్యువున్న వరి పూర్తిగా మునిగినప్పుడు ఎదుగుదల ఆపేసి, నిల్వ పిండిపదార్థం ఖర్చు చేయకుండా ఊపిరి బిగపట్టి కూర్చుంటుంది. దాదాపు రెండు వారాలు మునిగినా నీళ్ళు దిగాక తేరుకుంటుంది. లోతు నీళ్ళ వరిలో 2009లో కనిపెట్టిన స్నార్కెల్ జన్యువులు కూడా ఈఆర్‌ఎఫ్ కుటుంబానివే, కానీ పని పూర్తిగా తలకిందులు. అవి కాండాన్ని సాగదీసి ఆకును నీటిపైకి లేపుతాయి. కొద్ది రోజుల ముంపుకు మొదటిది, నెలల తరబడి నిలిచే నీటికి రెండోది. ఏది మంచి జన్యువు అని అడిగితే, ఏ నీళ్ళు అని ఎదురడగాలి.

చలి. ఇక్కడ సీబీఎఫ్ అనే మూడు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల జన్యువులే ముందు ఆన్ అవుతాయి. మొక్కను 4 డిగ్రీల్లో పెట్టిన పావుగంటకే వాటి నకళ్ళు పెరగడం కనిపిస్తుంది. అవి ప్రోటీన్లుగా మారి, డీఆర్‌ఈ గుర్తున్న జన్యువులను కొన్ని గంటల్లో లేపుతాయి. అలా వారం చలిలో ఉన్న అరబిడాప్సిస్ సుమారు మైనస్ 10 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. చలి రుచి చూడనిది మైనస్ 5 దగ్గరే సగం చచ్చిపోతుంది.

ఆర్‌డీ29ఏ ప్రమోటర్‌కు మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే లూసిఫరేజ్ జన్యువును అతికించిన మొక్కలుంటాయి, ప్రమోటర్ ఆన్ అయితే అవి వెలుగుతాయి. నేను వాటితో రెండేళ్ళు పనిచేశాను. చలిలో పెట్టి తీసిన ప్లేటు మీద లూసిఫెరిన్ (ఆ వెలుగుకు కావలసిన పదార్థం) చల్లి, అయిదు నిమిషాలు ఆగి, చీకటి పెట్టెలో కెమెరా కింద ఉంచుతాం. కంటికి ఏమీ కనబడదు. తెర మీద మాత్రం వందల నారు మొక్కలు చుక్కలు చుక్కలుగా వెలుగుతాయి. ఒకరోజు చలి పెట్టని కంట్రోల్ ప్లేటులో కూడా ఒక పక్కన అర్ధచంద్రాకారంలో వెలుగు వచ్చింది. కలుషితమైందేమో అని టెన్షన్ పడ్డాను. ప్లేటు తీసి చూస్తే ఆ పక్కన టేపు కాస్త లేచి ఉంది. గాలి తగిలి అగర్ (మొక్కలు పెరిగే జెల్లీ) అంచు ఎండింది. ఆ నాలుగు వేళ్ళ మేర ఉన్న మొక్కలకే కరువు వచ్చింది, వాటికే దీపాలు వెలిగాయి.

ఒక విషయం మాత్రం మరిచిపోవద్దు. ఒత్తిడికి మొదటి జవాబు జన్యువుల నుంచి రాదు. పైన చెప్పిన స్నార్క్2 కుటుంబంలోనిదే ఒకటి పత్రరంధ్రాల కణాల్లో ఎస్‌ఎల్‌ఏసీ1 అనే అయాన్ ద్వారాన్ని నేరుగా తెరుస్తుంది. అయాన్లు బయటకు పోతాయి, నీళ్ళు వాటి వెంట పోతాయి, రంధ్రం నిమిషాల్లో మూసుకుంటుంది. ఉప్పు ఎక్కువైనప్పుడు సోడియంను బయటకు తోసే ఎస్‌ఓఎస్1 పంపు కూడా ముందే పొరలో ఉంటుంది. కాల్షియంను గుర్తించే ఎస్‌ఓఎస్3, దాని జంట ఎస్‌ఓఎస్2 వచ్చి దానికి ఫాస్ఫేటు తగిలిస్తే వేగం పుంజుకుంటుంది. జన్యువులు వెనకాల వచ్చే రెండో దళం. ఆర్‌ఎన్‌ఏ మాత్రమే కొలిచి మొక్క స్పందించలేదని రాసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు.

ఇక మీ అసలు ప్రశ్న, ఎప్పుడూ ఆన్‌లో ఉంచేయడం. ఈ ఆలోచన మీకే కాదు, 1990లలో రంగం మొత్తానికీ వచ్చింది. సీబీఎఫ్‌లకే ఇంకో పేరు డ్రెబ్1. డ్రెబ్1ఏ జన్యువును ఎప్పుడూ గట్టిగా పనిచేసే వైరస్ ప్రమోటర్‌కు తగిలించి మొక్కలో పెడితే, ఆ మొక్క కరువుకూ, ఉప్పుకూ, గడ్డకట్టే చలికీ నిజంగానే తట్టుకుంది. కానీ మరుగుజ్జుగా మిగిలింది. 1999లో అదే జపాన్ బృందం ఆ జన్యువును ఆర్‌డీ29ఏ ప్రమోటర్ కింద పెట్టింది. ఒత్తిడి వస్తేనే ఆన్ అయ్యే ఏర్పాటు అన్నమాట. తట్టుకునే గుణం ఇంకా మెరుగ్గా వచ్చింది, ఎదుగుదల మీద దెబ్బ బాగా తగ్గింది. జన్యువు అదే, మారింది దాని తాళంచెవి మాత్రమే.

ఈ పేపర్ చదివి కూడా నేను వరిలో ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను ఎప్పుడూ పనిచేసే ప్రమోటర్ కిందే పెట్టాను, తొందర ఎక్కువ అప్పట్లో. ఇరవై రెండు లైన్లు, అంటే విడివిడిగా ఆ జన్యువు చేరిన మొక్కల సంతతులు, వచ్చాయి. జన్యువు ఎక్కువ పనిచేస్తున్న లైన్లను నారు దశలో పీసీఆర్ (జన్యువు నకళ్ళను కొలిచే పరీక్ష) చేయకుండానే గుర్తుపట్టేవాళ్ళం, అన్నిటికన్నా పొట్టిగా ఉన్నవి అవే. కరువు పరీక్షలో అవి అద్భుతంగా నిలబడ్డాయి. రెండు వారాలు సంబరపడ్డాక లెక్క వేసుకుంటే తెలిసింది: ఆకులు సగమే ఉంటే నీళ్ళు సగమే ఖర్చవుతాయి. కుండీలో మట్టి ఆలస్యంగా ఎండింది. అవి కరువును తట్టుకోలేదు, కరువే వాటి దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. అన్ని కుండీల్లో మట్టి తేమను రోజూ తూకం వేసి సమానం చేశాక తేడా చాలామటుకు మాయమైంది. కరువు తట్టుకునే మొక్క అంటూ ఫొటో చూపించినప్పుడల్లా నేను ముందు ఆకుల సైజు చూసేది ఇందుకే.

గిడసబారడం ప్రమాదవశాత్తూ జరిగేది కాదు. సీబీఎఫ్ పెరిగితే జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోనును విరగ్గొట్టే జన్యువులు కూడా పెరుగుతాయి. దాంతో ఎదుగుదలను ఆపే డెల్లా ప్రోటీన్లు పోగవుతాయి. అంటే ఎదగడం ఆపడం కూడా ఆ స్పందనలో భాగమే. డ్రెబ్2ఏ అనే ఫ్యాక్టర్‌నైతే మొక్క మామూలు రోజుల్లో డ్రిప్1, డ్రిప్2 అనే ఎంజైములతో గుర్తు వేయించి మరీ నాశనం చేసుకుంటుంది. తన దగ్గరున్న మందును తానే అంత జాగ్రత్తగా దాచుకుంటోందంటే మోతాదు మించితే ఏమవుతుందో మొక్కకు బాగా తెలుసన్నమాట.

జ్ఞాపకం గురించి కూడా చెప్పాలి, మీ ప్రయోగానికి అడ్డం వస్తుంది కనుక. డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఒకసారి కరువు చూసి తేరుకున్న అరబిడాప్సిస్‌కు మళ్ళీ కరువు ఇస్తే, ఆర్‌డీ29బీ లాంటి కొన్ని జన్యువులు రెండోసారి ఇంకా గట్టిగా ఆన్ అవుతాయని 2012లో చూపించారు. మధ్యలో నీళ్ళు పోసిన రోజుల్లో ఆర్‌ఎన్‌ఏ మామూలు స్థాయికి వచ్చేసింది. కానీ ఆ జన్యువుల దగ్గర హిస్టోన్ల మీది రసాయన గుర్తులు చెరగలేదు, పాలిమరేజ్ కూడా మొదట్లోనే ఆగి కూర్చుని ఉంది. ఈ జ్ఞాపకం కొద్ది రోజులే ఉంటుంది. శాశ్వతంగా, తరతరాలుగా ఉంటుందని ఎవరైనా చెబితే కొంచెం అనుమానంగా వినండి.

రెండు ఒత్తిళ్ళు కలిసి వస్తే మొక్క పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. ఎండలో రంధ్రాలు తెరిస్తే ఆకు చల్లబడుతుంది కానీ నీళ్ళు పోతాయి, మూస్తే నీళ్ళు మిగులుతాయి కానీ ఆకు కాగిపోతుంది. జన్యువుల స్థాయిలో కూడా ఇది వేడి జాబితా, కరువు జాబితా కలిపిన కూడిక కాదు. ఒంటరి కరువులో అరబిడాప్సిస్ ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని పోగుచేసుకుంటుంది. వేడితో కలిసి వచ్చినప్పుడు ప్రోలిన్ బదులు సుక్రోజ్ అనే చక్కెరను పోగుచేస్తుంది, ఆ వేడిలో ప్రోలిన్ హాని చేస్తుంది కనుక. ఒక్కో ఒత్తిడిని విడివిడిగా చూసి పొలానికి అన్వయించవద్దని చెప్పేది అందుకే.

మీ ప్రాజెక్టుకు వద్దాం. అరబిడాప్సిస్ అయితే కరువుకు ఆర్‌డీ29ఏ, ఆర్‌డీ29బీ రెండూ పెట్టుకోండి. రెండోది లేస్తే ఏబీఏ దారి పనిచేస్తోందని అర్థం. చలికి సీబీఎఫ్3. వేడికి హెచ్‌ఎస్‌పీ101, హెచ్‌ఎస్‌ఎఫ్ఏ2. ఆక్సిజన్ కొరతకు ఏడీహెచ్1. సీబీఎఫ్ కొలవాలంటే మొదటి మూడు గంటల్లో కోయండి. 24 గంటలకు చూస్తే అది చాలావరకు దిగిపోయి ఉంటుంది, దాని కింది జన్యువులే మిగులుతాయి. రిఫరెన్సుకు, అంటే పోల్చి చూసే మారని జన్యువుగా, యాక్టిన్ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు, ఒత్తిడిలో అదీ కదులుతుంది. రెండు మూడు జన్యువులు పెట్టండి.

అన్నిటికన్నా కంట్రోల్ జాగ్రత్త. నా మొదటి ఏడాదిలో కంట్రోల్ ఆకులు పొద్దున తొమ్మిదింటికి కోసి, కరువు ఆకులు మధ్యాహ్నం మూడింటికి కోశాను. ఒక జన్యువు ఎనిమిది రెట్లు పెరిగింది. గ్రాఫు ప్రింటు తీసి పట్టుకెళ్తే మా గైడ్ ఒక్కటే అడిగారు, "కంట్రోల్ ఎన్నింటికి కోశావు?" అని. మళ్ళీ ఒకే టైముకు కోసి చూస్తే ఎనిమిది రెట్లు కాస్తా ఒకటిన్నరకు వచ్చింది. మిగతాదంతా మొక్క లోపలి గడియారం. సీబీఎఫ్‌లు కూడా అంతే, తెల్లవారిన నాలుగు గంటలకు చలి పెడితే లేచినంతగా సాయంత్రం పెడితే లేవవు.

మందు చల్లే ప్రయోగమైతే కంట్రోల్ మొక్కలకు ఉత్తనీళ్ళు చల్లడం తప్పనిసరి. 1990లో అమెరికాలో బ్రామ్, డేవిస్ అరబిడాప్సిస్ మీద హార్మోన్లు చల్లి ఏ జన్యువులు లేస్తాయో వెతుకుతున్నారు. ఉత్తనీళ్ళు చల్లినా అవే లేచాయి. చివరికి తేలిందేమిటంటే మొక్కను తాకినా చాలు, అరగంటలోపే లేస్తున్నాయి. వాటికి టచ్ జన్యువులనే పేరు పెట్టారు, వాటిలో ఒకటి కాల్షియంను పట్టుకునే కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌ది. కాబట్టి ఆకు కోసిన క్షణం నుంచి గాయం జన్యువులు పరుగు మొదలుపెడతాయని గుర్తుంచుకుని, కోసిన చేత్తోనే ద్రవ నైట్రోజన్‌లో వేయండి. బల్ల మీద పెట్టి లేబుల్ రాసుకుంటూ కూర్చోకండి, గొట్టాల మీద ముందే రాసిపెట్టుకోండి.

పీఈజీ (నీళ్ళు మొక్కకు అందకుండా పట్టి ఉంచే రసాయనం) ద్రావణంలో పెట్టే కరువు, కుండీ ఎండబెట్టే కరువు ఒకటి కావు. మొదటిది నిమిషాల్లో వచ్చే షాక్, రెండోది రోజుల తరబడి నెమ్మదిగా వచ్చేది. లేచే జన్యువులు కొంతవరకే కలుస్తాయి. కుండీ పద్ధతి ఎంచుకుంటే రోజూ తూకం వేసి, ఆకులో నీటి శాతం కూడా కొలవండి. తాజా బరువు, నీళ్ళలో నానబెట్టాక బరువు, ఎండబెట్టాక బరువు, ఈ మూడూ చాలు.

మీది ఏ మొక్కో ప్రశ్నలో రాయలేదు. వరి అయితే జన్యువుల పేర్లు మారతాయి. మొక్క పేరు, వయసు, కుండీలా ప్లేట్లా, రోజులో ఎన్నింటికి కోయగలరు, ఇవి రాస్తే ఏ ప్రైమర్లు (పీసీఆర్‌లో ఫలానా జన్యువునే పట్టడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) సరిపోతాయో చూసి చెప్తాను.